రంగురంగుల టరాంటులా పెంచుదామని ఉంది, ఏది తీసుకోవాలె? (హైదరాబాద్, ఏసీ లేదు)

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్తే. నిజాంపేట్‌ల ఇంకో ఇద్దరితో కలిసి ఫ్లాట్‌ల ఉంటున్న, నైట్ షిఫ్ట్ జాబ్. కుక్కకి ఓనర్ ఒప్పుకోడు, పిల్లి అంటే మా రూమ్మేట్‌కి తుమ్ములు. ఈ మధ్య టరాంటులాల (వెంట్రుకలుండే పెద్ద సాలెపురుగులు) వీడియోలు చూసుడు మొదలువెట్టిన, ఇగ అదే పిచ్చి పట్టింది. ఎక్కువ జాగ అక్కర్లేదు, అరవదు, వారానికోసారి తిండి వేస్తే చాలంటున్నరు, మన లైఫ్‌కి కరెక్ట్ అనిపించింది.

అయితే నాకు గోధుమరంగు సాలెపురుగు వద్దు, దానికోసమైతే మా ఊరి ఇంటి దూలాలు చూస్తే సరిపోతది. రంగున్నది కావాలె. ఇప్పటిదాకా లిస్టు వేసుకున్నవి ఇవి: గూటీ సఫైర్ (మన గుత్తి పేరే అంట, నీలం మీద తెల్ల డిజైన్, చూస్తే మతి పోతుంది), గ్రీన్ బాటిల్ బ్లూ, కోబాల్ట్ బ్లూ, ఆరెంజ్ బబూన్, మెక్సికన్ రెడ్ నీ, ఇంకా వెర్సికలర్ అని చిన్నప్పుడు నీలంగా ఉండి పెద్దయినంక ఎరుపు ఆకుపచ్చ అయ్యేది ఒకటి. టెలిగ్రామ్‌ల ఒకతను గూటీ పిల్ల ఉందంటున్నడు, కొరియర్‌ల పంపిస్తడంట, అడ్వాన్స్ అడుగుతున్నడు.

ఇదే ఫస్ట్ టైం. చేతిలోకి తీసుకుని ఆడించాలని ఏం లేదు కానీ దాక్కుని కూర్చునేది కాకుండా కనపడేది కావాలె. బెడ్రూంల ఏసీ లేదు, ఎండాకాలం ఏం చెయ్యాలో కూడా చెప్పండి. బడ్జెట్ పెద్ద సమస్య కాదు. మా అమ్మకి ఇంకా చెప్పలే.

---

ఎనిమిది_కాళ్ళ_అన్న:

తమ్ముడూ ముందుగాల ఆ టెలిగ్రామ్ ఆయనకి పైసలు పంపకు, అది కింద చెప్తా.

నువ్వు వేసిన లిస్టుల రంగు తప్ప ఇంకేం చూడలే, అందరం మొదట అట్లనే చూస్తం అనుకో. కానీ నీ లిస్టుల ఉన్న ఆరింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. ఒకటి చెట్టుమీదది, ఒకటి నేలలో బొరియలది, ఒకటి గూడు అల్లేది. ముందు ఓల్డ్ వరల్డ్, న్యూ వరల్డ్ తేడా తెల్వాలె. అమెరికా ఖండాలవి న్యూ వరల్డ్, వాటిల చాలావాటికి పొట్ట వెనక నూగు ఉంటది, కోపం వస్తే వెనక కాళ్ళతో ఆ నూగు గాలిలోకి రాలుస్తయి, చర్మానికి తాకితే గొంగళిపురుగు తగిలినట్టే దురద, కంట్లో పడితే మాత్రం డాక్టర్ దగ్గరికే. వాటి విషం మనకి పెద్దగా ఏం చెయ్యదు. ఆసియా ఆఫ్రికావి ఓల్డ్ వరల్డ్, వాటికి నూగు లేదు కాబట్టి ఉరుకుతయి లేకపోతే కరుస్తయి, విషం కూడా గట్టిది. నీ లిస్టుల గూటీ, కోబాల్ట్ బ్లూ, ఆరెంజ్ బబూన్ మూడూ ఓల్డ్ వరల్డే.

గూటీ కరిస్తే మనిషి చచ్చిపోయినట్టు ఎక్కడా రికార్డు లేదు, కానీ ఆ జాతి కాట్లల్ల నొప్పితో పాటు కండరాలు పట్టేస్తయి, తగ్గింది అనుకున్నంక కొన్నిరోజులకి మళ్ళీ పట్టేసిన కేసులు కూడా ఉన్నయి. దానికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. పైగా దాని స్పీడు నువ్వు వీడియోల చూసింది కాదు, మూత తీసినవా లేదా అనేలోపు నీ మోచెయ్యి దాటి గోడ మీద ఉంటది. ముగ్గురు ఉండే ఫ్లాట్‌ల అది తప్పించుకుంటే ఆ రాత్రి ఎవడు పడుకుంటడు చెప్పు.

కోబాల్ట్ బ్లూ రంగు నిజంగనే అద్భుతం, కాకపోతే ఆ రంగు నీకు కనపడదు. బర్మా, థాయ్‌లాండ్ దిక్కుది, బతుకంతా బొరియలోనే. మట్టి నిండిన డబ్బా పెంచుతున్నట్టే లెక్క. అర్ధరాత్రి లైటు వెయ్యకుండా పోయి చూస్తే రెండు కాళ్ళు బయట కనపడొచ్చు, అది కూడా నీ అడుగు చప్పుడుకి లోపలికి పోతది. నువ్వేమో కనపడేది కావాలంటున్నవ్.

నన్నడిగితే గ్రీన్ బాటిల్ బ్లూ. వెనిజులాల పరాగ్వానా అనే ద్వీపకల్పం ఉంది, ఎండిపోయి ముళ్ళపొదలుండే ప్రాంతం, అది అక్కడిది. కాళ్ళు నీలం, వీపు చిప్ప ఆకుపచ్చ, పొట్ట నారింజ, మూడు రంగులూ ఒక్కదానిలోనే. తేమ అక్కర్లేదు, పొడి మట్టి, మూలకి ఒక సీసా మూతల నీళ్ళు, రెండు మూడు బెరడు ముక్కలు పెట్టి వదిలెయ్, కొన్ని రోజుల్ల డబ్బా మొత్తం తెల్లగ అల్లేస్తది, దాని మీదనే కూర్చుంటది కాబట్టి ఎప్పుడు చూసినా కనపడతది. తిండి దగ్గర మొహమాటం లేదు, పురుగు ఆ గూడు అంచున కాలు పెట్టంగనే ఎక్కడున్నా వచ్చి పట్టేస్తది. ఒకటే మైనస్, కంగారు మనిషి, నూగు కూడా రాలుస్తది, చేతిలోకి తీసుకునే టైపు కాదు. నీకు ఆ కోరిక లేదన్నవ్ కాబట్టి ఇబ్బంది లేదు.

రెడ్ నీ కూడా మంచిదే, మస్తు నెమ్మది. కానీ పిల్లని తెస్తే ఆ మోకాళ్ళ ఎరుపు బాగా రావడానికి ఏళ్ళు పడతది, ఓపిక ఉండాలె. ఆడదైతే 20 ఏళ్ళ పైనే బతుకుతది. అంటే నీ పెళ్ళయి పిల్లలు స్కూల్‌కి పోయేదాకా అది ఉంటది, ఆలోచించుకో. మగదైతే అంత ఉండదు, ఆఖరి మోల్ట్ (పాత తొడుగు విడుచుడు) అయినంక ఆడదాన్ని వెతుకుడే పని, ఎక్కువ రోజులు బతకదు. పిల్లగా ఉన్నప్పుడు ఆడో మగో చెప్పుడు కష్టం, 'గ్యారెంటీగా ఆడదే' అని అంగుళం కూడా లేని పిల్లని అమ్మేటోడిని నమ్మకు.

ఇగ కొరియర్ సంగతి. 2021 జులైల చెన్నై కస్టమ్స్ వాళ్ళు పోలండ్ నుంచి వచ్చిన ఒక పార్సిల్ విప్పితే చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాలల్ల, వెండి రేకు, దూది చుట్టి 107 సాలీళ్ళు దొరికినయి. ఆ పార్సిల్‌ని వెనక్కి పోలండ్‌కే పంపించిన్రు. ఇండియాకి బతికున్న జంతువు తెప్పించాలంటే పర్మిషన్ ఉండాలె, మామూలు పోస్టుల వచ్చిందంటేనే లెక్క తప్పినట్టు. అట్లాంటి దాన్ని ఎవడో నీకు అంటగడితే రేపు కాగితం అడిగినప్పుడు నీ దగ్గర ఏముంటది?

---

గాజులపల్లి_గాలి:

మాది నంద్యాల, ఇప్పుడు ఉండేది మియాపూర్. గూటీ సఫైర్ పేరు చూసి ఆగిపోయినా, ఎందుకంటే అది మా అడివిది.

పేరుకే గుత్తి, అసలుకి గుత్తిలో అది ఉండదు. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషాయన దాన్ని మొదటిసారి రాసినప్పుడు ఆయనకి దొరికిన సాలీడు గుత్తి రైల్వే కలప డిపోలోది. అక్కడే ఉంటుందని గుత్తి పేరు పడిపోయింది. ఆ తర్వాత వందేళ్ళ పాటు మళ్ళీ ఎవరికీ కనపడలా. 2001లో నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడివిలో దొరికింది, గుత్తికి ఇది సుమారు వంద కిలోమీటర్లు. కట్టెల దుంగల్లో రైలెక్కి గుత్తి పోయి ఉంటుందని అనుకుంటారు. గుంటూరు గుంతకల్ రైలెక్కి నంద్యాల వైపు నుంచి పోతే గాజులపల్లి, చలమ, దిగువమెట్ట స్టేషన్లు వస్తాయి చూడండి, రెండు పక్కలా నల్లమలే, ఆ అడివి నుంచి దుంగ రైలెక్కడం వింతేం కాదు.

పాత చెట్ల తొర్రల్లో ఉంటాది. తొర్ర పడాలంటే చెట్టుకి వయసు రావాల, మనోళ్ళేమో వంటచెరుకని, కలపని ఆ చెట్లనే కొట్టుకుంటా వచ్చినారు. ఉన్న అడివి మొత్తం వంద చదరపు కిలోమీటర్ల లోపే అంటారు. ఐయూసీఎన్ (ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ) వాళ్ళు 2008లోనే దీన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో, అంటే ఇంక అడివిలో అంతరించడానికి ఒక్క మెట్టు ముందు లెక్కలో పెట్టినారు. 2019లో ఈ జాతి మొత్తాన్నీ సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చినారు.

బయట దేశాల్లో దీన్ని బాగానే పిల్లలు పెట్టిస్తున్నారు, అమెరికాలో యూరప్‌లో పెంచేవాళ్ళ దగ్గర కావలసినన్ని ఉండాయి. నువ్వే చెప్పు, నీకు టెలిగ్రామ్‌లో అమ్ముతానన్న మనిషికి ఆ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చింది? దొంగ పార్సిల్ అన్నా అయ్యుండాల, లేదంటే మా అడివిలో తొర్రకి పొగబెట్టి పట్టిందన్నా అయ్యుండాల. రెండోదైతే ఒక తల్లి సాలీడు తొర్రతో సహా పోయినట్టే. రిజర్వు ఫారెస్టులో దూరి ఏది పట్టినా కేసే.

నాకు కూడా అది మా ఇంట్లో ఉంటే బాగుండనే ఆశ లేకపోలేదు. ఉండేది మా అడివిలోనే కదా అని ఊరుకున్నా.

---

ఆరెంజ్_ఆర్మీ_కాదు:

అందరూ ఆరెంజ్ బబూన్ పేరు చెప్పి ఊరికే భయపెడుతున్నరు. ఎండకి తట్టుకుంటది, నీళ్ళు మర్చిపోయినా తట్టుకుంటది, దానంత గట్టి ప్రాణం ఇంకోదానికి లేదు, రంగు చూస్తే బత్తాయి జ్యూస్ గుర్తొస్తది. జాగ్రత్తగా ఉండేటోడికి ఫస్ట్ టైం అయితే ఏంది లాస్ట్ టైం అయితే ఏంది. పొడుగు చిమటా (పట్టకారు) తీసుకుని పని చేసుకుంటే సరిపోతది.

---

ఎనిమిది_కాళ్ళ_అన్న:

బ్రో నువ్వు జాగ్రత్తగా ఉంటవ్, ఆయన రూమ్మేట్లు ఉంటరా? పార్టీ అయినంక ఒకడొచ్చి 'ఏదిరా చూపియ్' అని మూత తీస్తే? గట్టి ప్రాణమే, కాదన్లే. ముందు కాళ్ళు లేపి నిలబడి కోరలు చూపిస్తది, వెనక్కి తగ్గదు. కొత్తోడికి అది మాత్రం చెప్పకు.

---

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్:

అమ్మో ఇంత రాస్తరనుకోలే, థాంక్స్ అందరికీ. గూటీ కథ తెల్వకుండ అడ్వాన్స్ పంపిద్దామనుకున్న, ఆ నంబర్ బ్లాక్ చేసిన. నంద్యాల అన్నా, నిజంగ మీ అడివిలకి పోయి చూసే ఛాన్స్ ఉంటదా?

ఇప్పుడు నా మనసు గ్రీన్ బాటిల్ బ్లూ మీదికి పోయింది. రెండు డౌట్లు. ఒకటి, కొన్ని ఫోటోలల్ల కరెంటు నీలంగా ఉంది, కొన్నిట్ల బూడిద లెక్క ఉంది, ఏది నిజం? రెండు, రిజిస్ట్రేషన్ ఏదో చెయ్యాలంటున్నరు, అది అన్నిటికా? ఎండాకాలం సంగతి కూడా ఎవరూ చెప్పలే.

---

మల్కాజిగిరి_మకరి:

ఈ మూడింటికీ నేను చెప్తాను. మా ఇంట్లో రెడ్ నీ ఉంది, ఆడది, కాగితాలున్నది. మా వారు దాన్ని చూడరు, మా పాప మాత్రం దానికి గుడ్ నైట్ చెప్పి పడుకుంటుంది.

రంగు సంగతి: రెండు ఫోటోలూ నిజమే. టరాంటులా నీలం అనేది రంగు పదార్థం కాదు, ఆ వెంట్రుకల లోపలి సన్నటి నిర్మాణం మీద పడ్డ వెలుగులో నీలం మాత్రమే తిరిగొస్తుంది. అందుకే ఫ్లాష్ కొడితే మెరిసిపోతుంది, మామూలు ట్యూబ్‌లైట్ కింద మసకగా ఉంటుంది. టరాంటులాల్లో ఈ నీలం కనీసం 8 సార్లు వేరువేరుగా పుట్టిందని 2015లో ఒక పరిశోధన వచ్చింది, ఎందుకు పుట్టిందో మాత్రం ఇంకా వాదనలే. ఇంకో విషయం, మోల్ట్‌కి ముందు ఏ టరాంటులా అయినా వెలిసిపోయినట్టు ఉంటుంది, తిండి మానేస్తుంది. అప్పుడు జబ్బు చేసిందని కంగారుపడి కదిపేవాళ్ళు ఉంటారు, వద్దు. ఒక రోజు చూస్తే వెల్లకిలా పడుకుని ఉంటుంది, చచ్చిపోయిందనుకుంటారు కొత్తవాళ్ళు. అది మోల్ట్. ముందు వీపు చిప్ప పక్కకి లేస్తుంది, తర్వాత ఒక్కో కాలూ పాత తొడుగులోంచి కొంచెం కొంచెంగా లాగుకుంటుంది, మధ్యలో ఆగి ఆగి. కొత్త కోరలు అప్పుడు తెల్లగా ఉంటాయి, నల్లబడి గట్టిపడే దాకా తిండి వెయ్యకూడదు, పిల్లలకి కొద్ది రోజులు, పెద్దవాటికి వారం పదిరోజులు ఆగాలి. ఆ టైంలో డబ్బాలో బతికున్న పురుగు ఉంటే అదే దీన్ని కొరికేస్తుంది. మోల్ట్ అయిన మర్నాడు చూడండి, ఇంక ఏ ఫోటో పనికిరాదు, మోకాళ్ళు అంత ఎర్రగా ఉంటాయి.

కాగితాల సంగతి: వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటీస్ జాబితాలో ఉన్న జాతుల్ని అందులో నాలుగో షెడ్యూల్‌లో పెట్టారు. అవి ఇంట్లో ఉంటే ప్రభుత్వానికి చెప్పి రిజిస్టర్ చేయించాలి, దానికి 2024లో రూల్స్ వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా కూడా చెప్పాలి. రెడ్ నీ జాతి మొత్తం ఆ జాబితాలో ఉంది. మిగతావి కొనే ముందు సైటీస్ వెబ్‌సైట్‌లో శాస్త్రీయ నామం కొట్టి మీరే చూసుకోండి, అమ్మేవాడి మాట మీద ఉండొద్దు, ఆ జాబితా మారుతూ ఉంటుంది. జాబితాలో లేకపోయినా అది దేశంలోకి ఎలా వచ్చింది, లేదా ఇక్కడే పుడితే ఎవరి దగ్గర పుట్టింది అనేది రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకా అనుమానం ఉంటే సైఫాబాద్ అరణ్య భవన్‌లో (అటవీ శాఖ ఆఫీసు) అడగొచ్చు, అడిగినందుకు ఎవరూ పట్టుకుపోరు.

ఇక ఎండాకాలం. ఇది మన ఊళ్ళో అసలు సమస్య, ఫారిన్ వీడియోలన్నీ వేడి ఎలా పెంచాలో చెప్తాయి, మనకి తగ్గించడం కావాలి. 24 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, కొంచెం అటూఇటూ అయినా పర్వాలేదు, 35 దాటి రోజుల తరబడి ఉంటే మాత్రం ప్రమాదం. మే నెలలో బయట 42, 43 ఉన్నప్పుడు పై అంతస్తు స్లాబు కింద గది ఎంత ఉంటుందో మీకు తెలుసు. డబ్బాని అటక మీదా షెల్ఫు మీదా కాకుండా నేల దగ్గర పెట్టండి, ఇంట్లో ఎండ పడని గదిలో, పడమటి గోడకి దూరంగా. నీళ్ళ మూత ఎప్పుడూ నిండుగా ఉండాలి. చల్లగా ఉంటుందని కూలర్ ఎదురుగా పెట్టొద్దు, ఆ గాలి హోరు దానికి పడదు. డబ్బాకి ఎదురెదురు పక్కల చిల్లులుండాలి, మూతకి మాత్రమే ఉంటే వానాకాలంలో బూజు వస్తుంది. మీ లిస్టులో వెర్సికలర్ ఉంది చూశారా, దాని పిల్లలు చాలావరకు ఈ గాలాడని తడి వల్లే పోతాయి, మొదటిసారికి అది వద్దు.

డబ్బా ఎత్తు ఉంటే బాగుంటుందని కొంటారు, నేల మీది జాతులకి అది కూడా తప్పే. మట్టి నుంచి మూతకి దాని కాళ్ళ చాపుకి ఒకటిన్నర రెట్లు మించకూడదు, అద్దం ఎక్కి కింద పడితే పొట్ట పగిలిపోతుంది. మట్టికి నర్సరీల్లో దొరికే కోకోపీట్ చాలు, ఎరువు కలిపింది తేవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకా ఎవరూ అనలేదు, పురుగుల మందు. మీ అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వస్తారా? బొద్దింకని చంపే మందు దీన్ని కూడా చంపుతుంది, రెండూ కీళ్ళ కాళ్ళ జీవులే. దోమల లిక్విడ్ ఆ గదిలో పెట్టకండి, స్ప్రే కొట్టకండి. వానాకాలంలో మున్సిపాలిటీ ఫాగింగ్ బండి వీధిలోకి వచ్చిన చప్పుడు వినగానే నేను ముందు మూసేది ఆ గది కిటికీ, తర్వాతే మిగతావి. తెలిసినవాళ్ళ దగ్గర బాగా పెరిగిన రెడ్ నీ ఒకటి ఇలాగే పోయింది, వాళ్ళు లేనప్పుడు పక్క ఫ్లాట్‌లో మందు కొట్టారు, వచ్చేసరికి కాళ్ళు వణుకుతూ ఉంది, రెండో రోజుకి లేదు. కాబట్టి మీ రూమ్మేట్లతో ముందే మాట్లాడుకోండి, అమ్మగారి కన్నా ముందు వాళ్ళకి చెప్పాలి.

---

గాజులపల్లి_గాలి:

అడివిలోకి ఊరికే పోనియ్యరు తమ్ముడూ, ఫారెస్టోళ్ళ పర్మిషన్ కావాల. ఒకవేళ పోయినా అది రాత్రి బయటికొచ్చే ప్రాణి, పగలంతా తొర్రలోనే. రైలు కిటికీలోంచి ఆ చెట్లు చూడడానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లా.

---

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్:

అక్కా మీరు చెప్పిన మందు సంగతి విని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ చూసిన, మూడు నెలలకోసారి పెస్ట్ కంట్రోల్ అని రాసి ఉంది. మా ఫ్లాట్‌కి వద్దని వాచ్‌మన్‌కి చెప్పొచ్చా, లేకపోతే ఆ రోజు డబ్బా తీసుకుని ఎక్కడికన్నా పోవాల్నా? ఇంకా తిండికి బయట పట్టిన మిడతలు, బొద్దింకలు వెయ్యొచ్చా? మా బాల్కనీల ఫుల్లున్నయి.

---

మల్కాజిగిరి_మకరి:

రెండూ చెయ్యండి. మీ ఫ్లాట్‌లో వద్దని చెప్పండి, కారిడార్‌లో కొట్టే రోజు డబ్బాని ఫ్రెండ్ ఇంటికి తీసుకెళ్ళి గది బాగా గాలాడాక తెచ్చుకోండి. బైక్ మీద అయితే డబ్బాలో బెరడు ముక్కలు, నీళ్ళ మూత తీసేసి, టిష్యూ కుక్కి తీసుకెళ్ళండి, లేకపోతే స్పీడ్ బ్రేకర్‌కి దాని మీదే పడతాయి.

బాల్కనీ బొద్దింకలు వద్దే వద్దు, ఏ మందు తిని వచ్చాయో తెలీదు. అక్వేరియం షాపుల్లో ఆరవానా చేపలకి అమ్మే సూపర్‌వర్మ్స్, మీల్‌వర్మ్స్ అనే పురుగులు దొరుకుతాయి, అవి తెచ్చి వారం రోజులు క్యారెట్ ముక్కలు పెట్టి ఉంచుకోండి.

---

ఎనిమిది_కాళ్ళ_అన్న:

సూపర్‌వర్మ్ వేసేముందు చిమటాతో తల నలపాలె, లేకుంటే మట్టిలకి దూరిపోతది, రేపు మోల్ట్ టైంల అది బయటికొస్తే కష్టం. పిల్ల సాలీడుకైతే మీల్‌వర్మ్‌ని కోసి ముక్క వెయ్, తెల్లారి మిగిలింది తీసెయ్.